సరంగు తాత ఇంగ్లీషు మాట్లాడితే ఎలా ఉంటాడు? 28 పేజీల సొంత కామిక్, ఏ భాషలో అచ్చు వేయించను?

గోదారిగట్టు (రాజమండ్రి / హైదరాబాద్)

అందరికీ నమస్కారమండి. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. నేను హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో బ్యాక్‌గ్రౌండ్లు వేస్తాను. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరో నడవబోయే అడవులు, ఎవరో దూకబోయే గోడలు. రాత్రి పదకొండు దాటాక వేసేది మాత్రం నాది.

అలా ఏడాదిన్నర కూర్చుంటే 28 పేజీల కామిక్ తయారైంది. మా తాత లాంచీ సరంగు. రాజమండ్రి నుంచి పాపికొండల వైపు ముప్ఫై ఏళ్ళు నడిపాడు. కథంతా ఒకటే రోజు. తాతని నేను పడవలో దేవీపట్నం వైపు తీసుకెళ్తాను. పోలవరం కాఫర్ డ్యాం, అంటే ఆ తాత్కాలిక అడ్డుకట్ట, కట్టాక అక్కడ ఊళ్ళ మీద నీళ్ళెలా నిలిచాయో మీకు తెలిసిందే. తాత పడవ అంచున కూర్చుని వేలు పెట్టి చూపిస్తుంటాడు. ఇక్కడ రేవు మెట్లు. ఇక్కడ టీ కొట్టు. ఇక్కడ టికెట్లు రాసేవాడి బల్ల, దానికి ఒక కాలు పొట్టి. బొమ్మలో పైన ఉండేది ఉత్త నీళ్ళే. నీళ్ళ కింద సన్నటి నీలం గీతతో ఊరు వేశాను.

సమస్య మాటల దగ్గర వచ్చిందండి. నేను చూసిన సొంత కామిక్స్ దాదాపు అన్నీ ఇంగ్లీషే. హైదరాబాద్ కామిక్‌కాన్‌లో (కామిక్స్ అభిమానుల జాతర) అమ్మడానికి టేబుల్ తీసుకుందామని ఆశ కూడా ఉంది. అందుకని ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను. తొమ్మిదో పేజీలో చిన్నప్పటి నేను లాంచీ ముందుకీ వెనక్కీ పరుగెడుతుంటే తాత అంటాడు: "కూకోవే. గోదారికి లేని తొందర నీకెందుకు?" దాన్ని "సిట్ డౌన్, చైల్డ్, ది రివర్ ఈజ్ నాట్ ఇన్ ఎ హరీ" అని రాశాను. దెబ్బకి మా తాత పొడుగు చొక్కా వేసుకుని చేతికర్ర పట్టుకున్న మంత్రగాడిలా అయిపోయాడు.

సరే అని తెలుగు పెట్టి చూస్తే మాటల బుడగలో పట్టదు. పట్టేలా అక్షరం తగ్గిస్తే మా అమ్మ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంటోంది.

మా ఆఫీసులో ఒక ఫ్రెండ్ అన్నాడు: "తెలుగు చదివేవాళ్ళు కామిక్‌కాన్‌కి రారు, కామిక్‌కాన్‌కి వచ్చేవాళ్ళు తెలుగు చదవరు." నవ్వాను గానీ ఆ రాత్రి ఒక్క గీత కూడా వేయలేకపోయాను.

నా దగ్గర 35 వేలున్నాయి. ఒక్క భాషకే సరిపోతాయేమో. ఏ భాషలో వేయించను? ఎన్ని కాపీలు? ముందు చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.

ప్యానెల్ పిచ్చోడు (బెంగళూరు)

చేదుగా ఉన్నా చెప్తాను. ఇంగ్లీష్‌లో వెయ్యండి.

మన దేశంలో సొంత కామిక్స్ అని మనం చెప్పుకునేవి చూడండి. సారనాథ్ బెనర్జీ 'కారిడార్' 2004, అమృతా పాటిల్ 'కరి' 2008, అప్పుపెన్ 'మూన్‌వార్డ్' 2009. అన్నీ ఇంగ్లీషే. రామ్ వి ఇవాళ అమెరికాలో పెద్ద పెద్ద సిరీస్‌లు రాస్తున్నాడంటే, ఇక్కడ హోలీ కౌ అనే ప్రచురణ సంస్థకి ఇంగ్లీషులో రాసిన 'అఘోరి'తో మొదలుపెట్టాడు కాబట్టే. మన ఆనంద్ ఆర్‌కే 2021లో కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డు తెచ్చుకున్నాడు, అదీ ఇంగ్లీష్ పుస్తకానికే. కొచ్చిలో ఉన్నవాడు ఢిల్లీ వాడి పుస్తకం కొంటున్నాడంటే మధ్యలో ఉన్న భాష అదే కదా.

మీ పుస్తకం తెలుగులో వస్తే నాకూ సంతోషమే, నేనూ గుంటూరు వాణ్ణే. కానీ టేబుల్ మీద రోజంతా నిలబడేది మీరు. బెంగళూరులో ఒకసారి మా టేబుల్ పక్కన ఒకతను కన్నడ కామిక్ పెట్టుకున్నాడు. అందరూ తీసి, అట్ట బాగుందని మెచ్చుకుని, పెట్టేసి వెళ్ళారు.

భాష గొడవే వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. 2010లో మాంటా రే అనే ప్రచురణ సంస్థ వాళ్ళు 'హష్' అనే కామిక్ వేశారు, ఒక్క మాట కూడా లేకుండా. మీ నీళ్ళ కింద ఊరికి అసలు మాటలు కావాలంటారా?

సెంటర్ పిన్ను (విజయవాడ)

నేను రెండు భాషల్లోనూ వేసి, రెండింటిలోనూ చేతులు కాల్చుకున్నవాణ్ణి. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు మీ కథ గురించి. ఒరిజిత్ సేన్ 'రివర్ ఆఫ్ స్టోరీస్' చదివారా? నర్మద మీద డ్యాం, ఊళ్ళు మునగడం. 1994లో వచ్చింది. మన దేశంలో మొదటి గ్రాఫిక్ నవల అని దాన్నే అంటారు. చాలా ఏళ్ళు ఎక్కడా దొరకలేదు, జిరాక్సులు తిరిగాయి. చెన్నై బ్లాఫ్ట్ ప్రచురణల వాళ్ళు 2022లో మళ్ళీ అచ్చు వేశారు. అందులో ఒక పక్క ఢిల్లీ నుంచి వచ్చిన విలేకరి, ఇంకో పక్క నది ఎలా పుట్టిందో పాడే గాయకుడు. ఇద్దరి లోకాలూ వేరువేరుగా నడుస్తాయి. మీ తాతకీ మనవరాలికీ మధ్య కూడా అలాంటిదే ఉంది. మీ కథ మారుతుందన్న భయం పెట్టుకోకుండా చదవండి.

ఇక నా సంగతి. 2003 నుంచి డీటీపీ పని. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, టెస్టు పేపర్లు. 2019లో మా వీధి కేబుల్ ఆపరేటర్ మీద 26 పేజీల కామిక్ వేశాను. తొంభైల్లో వన్‌టౌన్‌లో డాబా డాబా ఎక్కి తీగలు లాగినవాడు, ఏ ఇంట్లో ఎవరు ఏ సీరియల్‌కి ఏడుస్తారో తెలిసినవాడు. ఇంగ్లీషు 150, తెలుగు 200 కాపీలు.

26 అనేది మొదటి తప్పు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో పోవాలి. నాకు రెండు మిగిలాయి. ఖాళీగా వదిలేస్తారనుకున్నాను. ప్రెస్సాయన అభిమానం కొద్దీ చివరి పేజీలో తన ఫోన్ నంబరుతో "అన్ని రకముల శుభలేఖలు ముద్రించబడును" అని వేసేశాడు. కథేమో కేబుల్ ఆపరేటర్ కూతురు ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకోవడంతో ముగుస్తుంది. చదివినవాళ్ళంతా అది కూడా నా జోకే అనుకున్నారు. మీకు 28, అట్ట వేరే. బతికిపోయారు.

రెండో తప్పు ఇంకా సిగ్గు. రోజూ ఊరందరి ప్రూఫులూ చూసేవాణ్ణి, నా పుస్తకం ప్రూఫు చూడలేదు. మర్నాడు పొద్దున్నే హైదరాబాద్ బస్సు. నేను యూనికోడ్‌లో చేసిన పీడీఎఫ్ ఇచ్చాను. అక్కడి కుర్రాడు పేజీలు సర్దడానికి దాన్ని పాత కోరల్‌డ్రాలో తెరిచాడు. ఒత్తులన్నీ ఊడి పక్కన నిలబడ్డాయి. "అమ్మకి చెప్పొద్దు" అని ఒక బుడగలో ఉంది. అందులో మకారం ఒకచోట, దాని ఒత్తు ఇంకోచోట, బస్సు దిగి తప్పిపోయిన పిల్లల్లా ఉన్నాయి. అలాంటి బుడగలు పుస్తకానికి పదకొండు. 200 కాపీలు. లాడ్జి గదిలో నేనూ మా మేనల్లుడూ వైట్‌నర్ పూసి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, మీద నల్ల పెన్నుతో రాశాం. తెల్లారేసరికి 130 అయ్యాయి. మిగతావి టేబుల్ కింద కూర్చుని చేశాను.

అందుకని చెప్తున్నా. ప్రెస్సుకి ఇచ్చే ముందు మాటలన్నీ కర్వ్స్ చేసి, అంటే అక్షరాలని గీతల బొమ్మలుగా మార్చి, ఇవ్వండి. అసలు ఫైలు వేరే దాచుకోండి. ఒక్క కాపీ తీయించి, ఇంటికి తెచ్చుకుని, పగటి వెలుతురులో చూడండి. పాత ఫోటోషాప్‌లో చేస్తుంటే టైప్ సెట్టింగుల్లో 'వరల్డ్ రెడీ లేఅవుట్' పెట్టుకోకపోతే మీ దగ్గరే ఒత్తులు విరుగుతాయి. ఇంక్‌స్కేప్‌లో ఆ బాధ లేదు, పైగా ఉచితం.

బుడగ సంగతి. ఇంగ్లీషు కామిక్‌లో అన్నీ పెద్దక్షరాలు, ఒకటే ఎత్తు, ఇటుకలు పేర్చినట్టు. మనకి పైన గుడి, కింద ఒత్తు. "స్వాతంత్ర్యం" అని ఒక్క మాట రాసి చూడండి, కింద ఎంత చోటు తింటుందో. వరసల మధ్య గాలి కావాలి. కాబట్టి మన బుడగ అడ్డంగా కాదు, నిలువుగా పెరగాలి. ఇంగ్లీషుకి వేసిన బుడగలో తెలుగు కూరడం అంటే అన్న చొక్కా తమ్ముడికి కాదు, తమ్ముడి చొక్కా అన్నకి తొడగడం. అక్షరం తగ్గించకండి. మాటలు ముందు రాసుకుని, వాటి చుట్టూ బుడగ గీసి, మిగిలిన చోట బొమ్మ వేయండి. నేను రెండో పుస్తకానికి అలాగే చేశాను.

ఇప్పుడు అమ్మకం. కామిక్‌కాన్‌లో మూడు రోజులకి ఇంగ్లీషువి 61, తెలుగువి 19 పోయాయి. ప్యానెల్ పిచ్చోడి లెక్క ఇక్కడికి కరెక్టే. కానీ స్టిక్కర్లు 240 పోయాయని కూడా చెప్పాలి! ఢిల్లీ హాట్‌లో 2011లో మొదలైనప్పుడు ఎలా ఉండేదో నేను చూడలేదు, హైదరాబాద్‌కి 2013లో వచ్చింది. నేను వెళ్ళేసరికి వేషాలు, గేములు, బొమ్మలు, టీషర్టులు. కామిక్స్ ఒక వరస. నేను దాన్ని తప్పుపట్టను, ఆ జనం వల్లే మన టేబుల్ ముందుకి ఎవరో ఒకరు వస్తారు. జేబులో వందే ఉన్న కాలేజీ పిల్లాడు స్టిక్కర్ కొంటాడు, అంతే.

ఆ 19 మందిలో ఒకడు గుర్తున్నాడు. ఇంటర్ చదివే కుర్రాడు, ముఖానికి సగం పచ్చరంగు. తెలుగు కాపీ తీసి అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. "అన్నా, నాకు సరిగ్గా రాదు. మా అమ్మ చదువుద్ది" అని అదే కొన్నాడు. ఇంగ్లీషుది పక్కనే ఉంది!

డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి తెలిసిన ప్రచురణకర్త స్టాల్లో ఒక మూల అడుక్కుని తెలుగువి పెట్టాను. అక్కడ 104 పోయాయి. కొన్నవాళ్ళు కామిక్స్ చదివేవాళ్ళు కారు. పిల్లలకి ఏదైనా తెలుగు కొందామని వచ్చిన తల్లులు, రిటైరైన మేష్టార్లు. ఒక పెద్దాయన మొత్తం 26 పేజీలూ నిలబడి చదివి, మూసి, నా చేతిలో పెట్టి, "బాగుందయ్యా" అని వెళ్ళిపోయాడు. కొనలేదు.

వాళ్ళతో ఒక చిక్కుంది. ఏ గడి తర్వాత ఏ గడి చదవాలో తెలీదు. మనకి బొమ్మల కథ అంటే చందమామ. అందులో శంకర్ గారి విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడుస్తుంటాడు, బేతాళుడి మాటలన్నీ పక్కన కథలో ఉంటాయి. బొమ్మ నోరు విప్పదు. నా పుస్తకం తెరిచి చాలామంది "కథ ఎక్కడుంది బాబూ?" అని అడిగారు. అందుకని రెండో పుస్తకంలో మొదటి మూడు పేజీలు పేజీకి రెండే గడులు పెట్టాను. అలవాటయ్యాక ఐదు, ఆరు.

తమిళం వాళ్ళకి ఈ బాధ లేదు. శివకాశి నుంచి ముత్తు కామిక్స్ 1972 నుంచి, లయన్ కామిక్స్ 1984 నుంచి వస్తున్నాయి. టెక్స్ అనే ఇటలీ గుర్రపు వీరుడు అక్కడ తమిళం మాట్లాడతాడు. చిన్నప్పుడు చదివినవాళ్ళు తల నెరిశాక కూడా చందా కట్టి తెప్పించుకుంటున్నారు. మనకి అలాంటి వరస ఏర్పడలేదు. (ఇక్కడ ఎవరో ఒకరు వచ్చి కథని వరస బొమ్మలుగా వేసే చేర్యాల పటం మన కామిక్కే కదా అంటారు. నిజమే, చూడ్డానికి నాకూ ఇష్టమే. కానీ పటం పక్కన కథ చెప్పేవాడు ఉంటాడు. మన పుస్తకం పక్కన ఎవరుంటారు?)

డబ్బు. 35 వేలకి ఆఫ్‌సెట్ జోలికి పోకండి. ఐదొందలు వేస్తే ఒక్కోటి చవక పడుతుంది గానీ, మిగిలిన మూడొందలు మీ మంచం కింద ఉంటాయి. నావి ఇంకా ఉన్నాయి. డిజిటల్‌లో 150 లేదా 200 తీయించండి, అయిపోతే మళ్ళీ తీయించుకోవచ్చు. మీకు నీళ్ళు ఎక్కువ కాబట్టి మ్యాప్‌లితో కాగితం వద్దు, రంగు పీల్చేసి నీలం బూడిదవుతుంది. 130 జీఎస్సెమ్ (కాగితం మందం లెక్క) మ్యాట్ కాగితం అడగండి. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, మధ్యలో ఎవరైనా వేలు అడిగితే దణ్ణం పెట్టి రండి.

నా ఓటు తెలుగుకి. భాషాభిమానం అనుకోకండి. మీరు రాసిన ఆ "కూకోవే" అనే ఒక్క ముక్క వల్ల నాకు మీ తాత కనిపించాడు. ఇంగ్లీషు వాక్యం దగ్గర ఎవరూ కనిపించలేదు.

కొవ్వూరు అమ్మమ్మ (అట్లాంటా)

నాకు కామిక్స్ తెలియవు తల్లీ, మా అమ్మాయి ఈ పేజీ చూపించింది. మాది కొవ్వూరు. రోడ్డు వంతెన రాకముందు రాజమండ్రి రావాలంటే రైలైనా ఎక్కాలి, లాంచీ అయినా ఎక్కాలి. మీ తాతగారి లాంచీ ఎక్కానో లేదో గానీ ఆ డీజిల్ వాసన మాత్రం ఇప్పటికీ ముక్కులో ఉంది.

మా మనవడికి ఏడేళ్ళు. తెలుగు వింటాడు, చదవలేడు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నేను చదువుతుంటే వాడు బొమ్మలు చూస్తాడు. చందమామ కథ చదివితే రెండో నిమిషంలో లేచిపోతాడు, ఎందుకంటే ఒకటే బొమ్మ. నీ పుస్తకంలో ప్రతి మాటకీ బొమ్మ ఉంది కదా. నాకు రెండు కాపీలు కావాలి. పోస్టు ఖర్చు ఎంతయినా ఇస్తాను.

ఒకటి మాత్రం చెప్పాలి. బుడగ కింద ఇంగ్లీషు కూడా ఇరికించకు. వాడి కళ్ళు అక్కడికే పోతాయి, ఇక నా గొంతు వినడు. కావాలంటే చివర్న ఒక కాగితం మీద వేయి.

గోదారిగట్టు

ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదండి. అందరికీ థాంక్స్. అమ్మమ్మగారూ, మీ రెండు కాపీలు పక్కన పెట్టినట్టే.

నిన్న రాత్రి తొమ్మిదో పేజీ మళ్ళీ వేశాను. సెంటర్ పిన్ను గారు చెప్పినట్టు ముందు మాట రాసి, దాని చుట్టూ బుడగ గీశాను. ఎత్తుగా వచ్చింది, దాంతో తాత తల కొంచెం కిందికి జరపాల్సి వచ్చింది. జరిపాక చూస్తే తాత వంగి చుక్కాని మీద ఆనుకున్నట్టుంది. నిజంగా అలాగే నిలబడేవాడు. ఇంగ్లీషు బుడగ కోసం నేనే ఆయన్ని నిటారుగా నిలబెట్టాను!

ఫాంట్ తేలడం లేదు. గూగుల్‌లో ఉచితంగా దొరికే లక్కిరెడ్డి పెట్టాను, చేతిరాతలా ఉంది, ముచ్చటగా ఉంది. తాత నోట్లో మాత్రం మరీ ముస్తాబైనట్టుంది. బాపు గారి అక్షరాల ఫాంట్ పెడితే తాత బుడుగులా మాట్లాడుతున్నాడు. చేత్తోనే రాసేద్దామా?

ఇంకో భయం కూడా ఉందండి. సినిమాల్లో మా వైపు యాస పెట్టారంటే జనం నవ్వడానికే. "కూకో", "ఎల్లిపోదారి" అని రాస్తే తాతని చూసి నవ్వుతారేమో. నాకు 21వ పేజీలో ఎవరూ నవ్వకూడదు. అక్కడ తాత తన రేవు ఎక్కడుందో మర్చిపోతాడు.

ప్యానెల్ పిచ్చోడు

సరే, ఓడిపోయాను. తెలుగే వెయ్యండి. కానీ అమ్మమ్మగారు చెప్పిన ఆ విడి కాగితం మాత్రం వదలకండి. ఏ4 కాగితం, పేజీ నంబరు, దాని పక్కన ఇంగ్లీషు మాట. జిరాక్సు తీసి మడిచి పుస్తకంలో పెట్టండి. దాన్ని చేతిలో పెట్టుకుని బెంగళూరులో ఇండీ కామిక్స్ ఫెస్ట్‌కి రండి. అక్కడ వేషాల గోల తక్కువ, వచ్చేవాళ్ళు బొమ్మ కోసమే వస్తారు. నా టేబుల్లో సగం మీది.

ఇంగ్లీషు రాయడానికి నేను సాయం చేస్తాను. మంత్రగాణ్ణి చేయనని హామీ.

సెంటర్ పిన్ను

చేత్తోనే రాయండి. 28 పేజీలంటే నూట యాభై బుడగలుంటాయేమో, వారం పని. ఒక మెలకువ: తాత మాటలన్నీ ఒకే పూట కూర్చుని రాసేయండి. మధ్యలో వదిలి మర్నాడు రాస్తే అక్షరం వాలు మారుతుంది, తాత మూడ్ మారినట్టు కనిపిస్తుంది. మనవరాలి మాటలకి వేరే పెన్ను.

యాస గురించి. సినిమాలో నవ్వు ఎందుకొస్తుందంటే, పదిమంది పుస్తకాల భాష మాట్లాడుతుంటే ఒక్కడి చేత యాస మాట్లాడిస్తారు కాబట్టి. మీ కామిక్‌లో చిన్నప్పటి మీరు ఎలా మాట్లాడుతున్నారు? టీవీ యాంకర్‌లా మాట్లాడుతుంటే తాత జోకరే అవుతాడు. మీరు రాజమండ్రిలో పెరిగిన పిల్ల కదా, "ఏంటి తాతా", "ఎల్దామా" అనే అనుంటారు. ఇద్దరికీ ఒకటే గాలి తగిలితే ఎవరూ నవ్వరు. 21వ పేజీలో నేనైతే బుడగే పెట్టను. వేలు గాల్లో ఆగిపోతే చాలు.

గోదారిగట్టు

నిజమేనండి. చిన్నప్పటి నా మాటలన్నీ వెతికితే, ప్రతి చోటా "తాతయ్యా, మనం ఎక్కడికి వెళ్తున్నాం?" అనే ఉంది. ఇంట్లో నేనెప్పుడూ తాతయ్యా అనలేదు. "తాతోయ్" అనేదాన్ని. ఈ రాత్రికి అదే పని.

21లో బుడగ తీసేశాను. నీలం గీతలు కూడా తీసేశాను, ఆ ఒక్క పేజీలో.

200 కాపీలు డిజిటల్‌లో, రాజమండ్రిలోనే తీయిస్తున్నాను. అక్కడైతే మా నాన్న వెళ్ళి ప్రూఫు చూస్తాడు, ఒత్తు ఊడితే ఊరుకోడు, తెలుగు మేష్టారు. బస్సులో పార్సిల్ వేస్తే మూలలు నలుగుతాయంటున్నారు. డిసెంబర్ మొదటి వారంలో ఎవరైనా రాజమండ్రి నుంచి హైదరాబాద్ కారులో వస్తుంటే చెప్తారా? రెండు అట్టపెట్టెలు, ఒక్కోటి పదిహేను కిలోలు ఉంటుందేమో. పెట్రోలుకి నా వాటా ఇస్తాను, ఒక కాపీ కూడా.